పారేసిన ప్లగ్గు చెప్పిన నిజం

పోయినసారి మిరియం తీగల గురించి రాస్తానన్నాను. అది వచ్చే పోస్టులో. ఈరోజు బండి ప్లగ్గు గురించి రాస్తున్నాను. వంద నూటయాభై రూపాయల ప్లగ్గుకి ఇంత పెద్ద పోస్టా అని నవ్వుకోవద్దు. ఆ ప్లగ్గు దగ్గరే నేను అరవై కిలోల కాఫీ పళ్ళు పాడుచేసుకున్నాను, బండి హెడ్డు పాడుచేసుకున్నాను, నలుగురి ముందు కొడుకుని అనరాని మాట అన్నాను. అందుకే రాస్తున్నాను.

మన అరకు, అనంతగిరి, పాడేరు పక్కన ఇప్పుడు ప్లగ్గు ఉన్న ఇంజను ఏదో ఒకటి లేని ఇల్లు తక్కువే. బైకు ఉంటుంది, లేదంటే గడ్డి కోసే బ్రష్ కట్టరు ఉంటుంది, లేదంటే పెట్రోలు స్ప్రేయరు ఉంటుంది. డీజిల్ పవర్ టిల్లరుకీ, సంతకి తిరిగే జీపుకీ ఈ ప్లగ్గు ఉండదు. వాటిల్లో గాలిని బాగా అదిమితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. పెట్రోలు ఇంజనుకి మాత్రం నిప్పురవ్వ కావాలి. ఆ రవ్వ పుట్టేది ప్లగ్గు కొసన, మనిషి గోరంత సందులో.

మా ఇంట్లో ఉన్నది యమహా ఆర్‌ఎక్స్ 100. మీలో చాలామందికి దాని గురించి నేను చెప్పక్కర్లేదు. 1985లో మన దేశంలో వచ్చింది, 1996లో తయారీ ఆగిపోయింది. ఇంజను 98 సీసీ, రెండు స్ట్రోకులది. చిన్న ఇంజనే గానీ 11 గుర్రాల బలం. బండి తేలిక. ఆగిపోయి ముప్పై ఏళ్ళవుతున్నా ఇప్పటికీ కుర్రాళ్ళు దాని శబ్దం వింటే తల తిప్పి చూస్తారు. మాది మూడో చేతి బండి. పాత యజమాని ఆయిల్ పంపు పీకేసి, 2టీ ఆయిల్ నేరుగా పెట్రోల్‌లోనే కలిపేవాడు. నేనూ అదే పద్ధతిలో నడిపేవాణ్ణి.

రెండేళ్ళ కిందట కోత ముందు మా పెద్దోడు విశాఖ వెళ్ళి బండికి కొత్త సైలెన్సరు తెచ్చాడు. మామూలు సైలెన్సరు కాదు. మొదట సన్నంగా మొదలై, మధ్యలో గుమ్మడికాయలా ఉబ్బి, మళ్ళీ సన్నబడే గొట్టం. ఛాంబర్ అంటారు. తెచ్చిన రోజే బిగించాడు. స్టార్ట్ చేస్తే మా వీధి కుక్కలన్నీ లేచాయి.

"ఇదేట్రా, పెళ్ళి ఊరేగింపా?" అన్నాను.

"లాగుడు చూడు నాన్నా, ఘాటీలో ఎగిరిపోద్ది" అన్నాడు.

నాకు నచ్చలేదు. కానీ వాడి సొంత డబ్బులతో, వాడు కూలికెళ్ళి కూడబెట్టుకున్న డబ్బులతో కొన్నాడు. ఊరుకున్నాను. లోపల మాత్రం అక్కసు ఉండిపోయింది. అది ఎక్కడ బయటపడిందో చెప్తాను.

డిసెంబరు రెండో వారం. పళ్ళు బాగా ఎర్రబారిన రోజులు. కాఫీ రైతులకి తెలిసిందే కదా, కోసిన పండు ఆ రోజే గుజ్జు తీయాలి, లేదంటే ఆ రోజే కొనేవాళ్ళకి చేర్చాలి. రాత్రి బస్తాలో ఉంటే వేడెక్కి పులుస్తుంది. పులిసిన పండుని తర్వాత ఎంత కడిగినా ఆ వాసన గింజని వదలదు. ఆరేడు కిలోల పండు కోస్తే ఒక కిలో గింజ మిగులుతుంది. అరవై కిలోల పండు అంటే చేతికొచ్చేది పది కిలోల లోపు గింజ. నలుగురు మనుషులు రోజంతా కోసిన పంట అది.

మా తోట నుంచి మెయిన్ రోడ్డుకి నాలుగు కిలోమీటర్లు ఎగువ. మధ్యాహ్నం మూడున్నరకి రెండు బస్తాలు వెనక కట్టుకుని బయల్దేరాను. పెద్దోడు, కోతకి వచ్చినవాళ్ళు వెనక నడిచి వస్తున్నారు. మొదటి మలుపు దాటాను. రెండో మలుపు దగ్గర ఇంజనులోంచి గులకరాళ్ళు డబ్బాలో వేసి ఊపినట్టు టకటకమని శబ్దం. నేను పట్టించుకోలేదు. ఇంకా యాక్సిలేటరు తిప్పాను. బండి బలం తగ్గింది, దగ్గింది, ఆగిపోయింది. కిక్కు కొట్టాను. పది, ఇరవై. లేవలేదు.

ప్లగ్గు పోయిందనుకున్నాను. డబ్బాలో కొత్త ప్లగ్గు ఉంది, పానా ఉంది. సూర్యుడు కొండ దిగుతున్నాడు. ఇంజను మీద నీళ్ళ చుక్క వేస్తే సుయ్యిమని ఎగిరిపోతోంది. ఆ వేడి మీదే ప్లగ్గుకి పానా పెట్టి తిప్పాను. మొదట కదల్లేదు. కాలితో తన్నాను, నిజంగానే పానా కొసని కాలితో తన్నాను. వదిలింది. వేళ్ళు కాలుతుంటే తువ్వాలుతో పట్టుకుని పాత ప్లగ్గు తీసి, చూడకుండా పొదల్లోకి విసిరేశాను. కొత్తది పెట్టి పానాతోనే తిప్పాను. రెండు చుట్లు గట్టిగా వెళ్ళింది. మూడో చుట్టులో ఉన్నట్టుండి వదులైపోయింది. బయటికి తీస్తే ప్లగ్గు మరల చుట్టూ తెల్లటి తీగ చుట్టుకుని వచ్చింది. అది తీగ కాదు. హెడ్డు లోపలి మరలు. స్ప్రింగులా చుట్టుకుని ఊడి వచ్చేశాయి.

హెడ్డు అల్యూమినియం, ప్లగ్గు ఇనుము. వేడి మీద అల్యూమినియం మెత్తబడుతుంది. అప్పుడు బలవంతం చేస్తే ఓడిపోయేది అల్యూమినియమే. ఇది ఇప్పుడు తెలిసింది. అప్పుడు తెలియదు.

అప్పటికి వెనకవాళ్ళు వచ్చేశారు. నేను ఏం చెయ్యాలి? నా తప్పు ఒప్పుకోవాలి. ఏం చేశాను? పెద్దోడి మీద పడ్డాను. "నీ గొట్టం తగలెయ్య, మంచి బండిని నాశనం చేశావు. నీ చేతికి ఏదిస్తే అది ఇంతే" అన్నాను. కోతకి వచ్చిన ఆడవాళ్ళు తల దించుకున్నారు. వాడు ఒక్క మాట తిరిగి అనలేదు. పొదల్లోకి వెళ్ళి కాసేపు వెతికి ఏదో తీసి జేబులో వేసుకున్నాడు. తర్వాత ఒక బస్తా భుజానికెత్తుకుని నడిచాడు. రెండో బస్తా నేనూ ఇంకొకాయనా మార్చుకుంటూ మోశాం. రోడ్డుకి చేరేసరికి చీకటి పడింది, కొనేవాళ్ళు వెళ్ళిపోయారు. తెల్లారి బస్తా విప్పితే కల్లు వాసన. ఆ పండుకి ఎవరూ మంచి ధర ఇవ్వరు, ఇవ్వలేదు.

రెండు రోజుల తర్వాత నాలుగు నట్లు విప్పి హెడ్డు తీసి, గుడ్డలో చుట్టుకుని నేనూ పెద్దోడూ బస్సులో శృంగవరపుకోట వెళ్ళాం. అక్కడ మాకు తెలిసిన లేత్ షాపు మేస్త్రి ఉన్నాడు. పెద్దాయన. హెడ్డు చూసి "వేడి మీద తిప్పారా?" అని అడిగాడు. నేను మాట్లాడలేదు. ఊడిన కన్నాన్ని కాస్త పెద్దది చేసి, లోపల కొత్త బుష్ వేసి, దానికి మరలు తీస్తానన్నాడు. హెడ్డు కొత్తది కొనక్కర్లేదన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

పని అవుతుండగా నేను ఆ ఛాంబర్ గొట్టం వల్లే ఇదంతా అని మొదలెట్టాను. అప్పుడు పెద్దోడు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. నేను పొదల్లోకి విసిరిన పాత ప్లగ్గు.

మేస్త్రి కళ్ళద్దాలు పెట్టుకుని దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు. ఒక డాక్టరు నాలుక చూసినట్టు చూశాడు. కొసన తెల్లటి పింగాణీ సున్నంలా తెల్లగా ఉంది. దాని మీద మిణుకుమిణుకుమనే సన్న చుక్కలు. "ఇవేంటో తెలుసా? నీ పిస్టనే తమ్ముడూ. కరిగి ఎగిరొచ్చి ఇక్కడ అంటుకుంది. ఇంకో కిలోమీటరు లాగించి ఉంటే పిస్టన్‌కి కన్నం పడేది" అన్నాడు. తర్వాత ప్లగ్గు మీద నంబరు చూశాడు. "ఇది ఎవరు పెట్టారు?"

నేనే పెట్టాను.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్తాను. ఓపిగ్గా చదవండి, మీ బ్రష్ కట్టరుకీ ఇదే వర్తిస్తుంది.

ప్లగ్గుల్లో వేడి ప్లగ్గు, చల్ల ప్లగ్గు అని రకాలున్నాయి. రవ్వ బలంలో తేడా కాదు. కొసన పుట్టిన వేడిని హెడ్డులోకి ఎంత త్వరగా వదులుతుందన్నదే తేడా. త్వరగా వదిలేది చల్లది, వేడిని పట్టి ఉంచేది వేడిది. నెమ్మదిగా తిరిగే ఇంజనులో ప్లగ్గు కొస మసి పట్టకుండా కాస్త వేడిగా ఉండాలి. గట్టిగా లాగే ఇంజనులో మరీ కాగిపోకుండా చల్లగా ఉండాలి. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గులకి నంబరు పెరిగేకొద్దీ చల్లన: 7 కన్నా 8 చల్లది. బాష్ కంపెనీది సరిగ్గా తిరగేసి, నంబరు పెరిగేకొద్దీ వేడి. ఇది తెలియక ఒక కంపెనీ నంబరు చూసి ఇంకో కంపెనీది కొంటే తారుమారే.

నేను చేసిందేమిటి? అంతకు ముందు ఏడాది బండి మాటిమాటికీ ప్లగ్గుకి మసి పట్టి ఆగిపోయేది. బంకు పక్క షాపులో ఎవరో "వేడి ప్లగ్గు వెయ్యి, మసి కాలిపోద్ది" అన్నారు. వేశాను. మసి తగ్గింది. నేను గొప్ప పని చేశాననుకున్నాను. అసలు మసి ఎందుకు పట్టింది? ఇంజను పట్టేస్తుందేమోనన్న భయంతో నేను ఆయిల్ చేతికొచ్చినంత పోసేవాణ్ణి. మేస్త్రి లెక్కలో మా బండికి లీటరు పెట్రోల్‌కి 25, 30 మిల్లీలీటర్లు చాలు. నేను పోసేది 50 పైనే. పైగా ఎయిర్ ఫిల్టరు ఎర్రమట్టితో మూసుకుపోయి ఉంది. రోగం అక్కడుంటే నేను మందు ఇక్కడ వేశాను.

ఆయిల్ ఎక్కువ పోస్తే మంచిదే కదా అనుకుంటాం. మేస్త్రి చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తే. కార్బొరేటరు జెట్టు కన్నం అంతే ఉంటుంది. దానిలోంచి ఆయిల్ ఎక్కువ పోతే ఆ మేరకు పెట్రోలు తక్కువ పోతుంది. అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. మజ్జిగలో నీళ్ళు ఎక్కువైనట్టు మిక్చరు పలచనైపోతుంది. పలచన మిక్చరు వేడిగా కాలుతుంది.

ఇక పెద్దోడి గొట్టం. ఆ గొట్టం చేసే పని ఇది: పొగ బయటికి పోయేటప్పుడు ఉబ్బిన భాగం దగ్గర వెనక్కి లాగే అల పుట్టి, ఇంజనులోకి కొత్త మిక్చరుని ఇంకా లాగుతుంది. తర్వాత సన్నబడే భాగం తగిలి తిరిగొచ్చే అల, బయటికి జారిపోతున్న మిక్చరుని మళ్ళీ లోపలికి తోసేస్తుంది. అందుకే వేగం మీద ఆ బలం. ఈ గొట్టం వెనక పెద్ద కథే ఉంది. 1950ల్లో తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ దీన్ని రేసు బళ్ళకి పక్కాగా అమర్చాడు. 1961లో ఆ కంపెనీ రేసరు ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి పారిపోయి జపాన్ సుజుకి దగ్గర చేరాడు. ఆ విద్య అతనితోపాటే వెళ్ళింది. మరుసటి ఏడాదే సుజుకి మీద 50 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు. అరకులో నా ఇంటి ముందు కుక్కల్ని లేపిన గొట్టం అంత దూరం నుంచి వచ్చింది.

అయితే లోపలికి గాలి ఎక్కువ వస్తే పెట్రోలు కూడా ఎక్కువ కావాలి. జెట్టు పెద్దది వెయ్యాలి. అది పెద్దోడికి ఎవరూ చెప్పలేదు. పాత జెట్టుతోనే గొట్టం బిగించాడు. మిక్చరు ఇంకా పలచనైంది. దానికి నా వేడి ప్లగ్గు. దానికి నా ఆయిల్. దానికి తోడు అరవై కిలోల బస్తాలతో ఎగువ. టకటకమన్న శబ్దం ఇంజను ఏడుపు. నేను వినలేదు.

మేస్త్రి ప్లగ్గుని బల్ల మీద పెట్టి అన్నాడు: "గొట్టం తప్పు సగం. ప్లగ్గు, ఆయిల్ తప్పు సగం. మరలు ఊడ్డం మాత్రం చెయ్యి తప్పు." చెయ్యి ఎవరిదో ఆయన అడగలేదు. పెద్దోడు నా వంక చూడలేదు. బయట రోడ్డు వంక చూస్తూ ఉన్నాడు. ఆ చూడకపోవడం నాకు తగిలినంతగా ఏ మాటా తగల్లేదు.

తిరుగు బస్సులో ఘాటీ ఎక్కుతుండగా వాడితో అన్నాను, "ఆ రోజు అలాగ అనకుండా ఉండాల్సింది రా. తప్పు నాదీ ఉంది." వాడు "జెట్టు సంగతి నేనూ కనుక్కోవాల్సింది నాన్నా" అన్నాడు. అంతే. కానీ నలుగురి ముందు అన్న మాటకి బస్సులో ఇద్దరి మధ్య చెప్పిన మాట సరిపోదు. అందుకే ఇక్కడ అందరి ముందు రాస్తున్నాను.

ఆ తర్వాత మేమిద్దరం కలిసి చేసిన పనులు చెప్తాను. ఆయిల్ కొలిచి పోస్తున్నాం, మందు సీసా మూతతో. ఎయిర్ ఫిల్టరు కోత రోజుల్లో పదిహేను రోజులకోసారి దులుపుతాం. కంపెనీ చెప్పిన నంబరు ప్లగ్గే వేస్తాం. గొట్టానికి సరిపడా పెద్ద జెట్టు కూడా వేసి చూశాం. రోడ్డు మీద బాగానే పరిగెత్తింది. కానీ బస్తాలతో ఎగువ ఎక్కేటప్పుడు ఆ గొట్టం పనికిరాలేదు. దాని బలమంతా ఇంజను గట్టిగా అరిచినప్పుడే. నెమ్మదిగా లాగేచోట పాత సైలెన్సరే నయం. వాడే విప్పేసి పాతది బిగించాడు. నేను ఒక్క మాట అనలేదు. బండిని అలా మార్చడం మోటారు వాహనాల చట్టానికి కూడా విరుద్ధం. పట్నాల్లో పోలీసులు ఇలాంటి సైలెన్సర్లు పీకి రోడ్డు రోలరు కింద తొక్కించిన వార్తలు మనం చూసినవే. ఆ గొట్టం ఇప్పుడు మా కొట్టంలో మేకుకి వేలాడుతోంది.

ఇక ప్లగ్గు మార్చే పద్ధతి. నేను పోగొట్టుకుని నేర్చుకున్నది, మీరు ఊరికే తీసుకోండి.

మొదటిది, చల్లారనివ్వండి. అరచెయ్యి ఇంజను రెక్కల మీద పెట్టి పది లెక్కపెట్టగలిగితేనే పానా తియ్యండి. పొద్దు గూకుతున్నా సరే. ఆ రోజు నేను అరగంట ఆగి ఉంటే పళ్ళు చేరేవి.

రెండోది, ప్లగ్గు చుట్టూ మట్టి ఊదెయ్యండి. మన ఎర్రమట్టి గింజ ఒక్కటి లోపల పడితే బోరు మీద గీత గీస్తుంది. క్యాప్ తీసేటప్పుడు క్యాప్‌నే పట్టుకోండి, వైరు పట్టి లాగొద్దు.

మూడోది, పానా నిటారుగా కూర్చోవాలి. పక్కకి వంగితే పింగాణీ చిట్లుతుంది. మొదటి పావు చుట్టు తర్వాత గట్టిగా ఉంటే రెండు చుక్కల కిరసనాయిలు వేసి కాసేపు ఆగండి. ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెం కదుపుతూ తియ్యండి.

నాలుగోది, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి మర పొడుగు చూడండి. మా బండికి పట్టేది పొట్టి మర, 12.7 మిల్లీమీటర్లది. 19 మిల్లీమీటర్ల పొడుగు మరది కూడా అదే లావులో దొరుకుతుంది, అదే కన్నంలో దిగుతుంది. దిగి లోపల పిస్టన్‌కి తగులుతుంది. షాపువాడు "ఇదీ పట్టుద్ది" అంటే నమ్మొద్దు.

ఐదోది, సందు. కొసన వంగిన కొక్కేనికీ మధ్య కడ్డీకీ మధ్య సందు నేను మా బండికి 0.6 మిల్లీమీటరు పెడతాను. మీ ఇంజను పుస్తకంలో ఏముంటే అది పెట్టుకోండి. ఫీలర్ గేజ్ కొనండి, ఖరీదేం కాదు.

ఆరోది, అన్నిటికన్నా ముఖ్యం. కొత్త ప్లగ్గుని ఎప్పుడూ పానాతో మొదలెట్టొద్దు. చేతి వేళ్ళతో తిప్పండి. వేళ్ళు దూరకపోతే జానెడు పెట్రోలు పైపు ముక్క ప్లగ్గు తలకి తొడిగి, ఆ పైపుని తిప్పండి. మర వంకరగా పడితే పైపు జారిపోతుంది, అంటే తప్పు జరక్కముందే ఆపుతుంది. పానా అలా ఆపదు, మరని కోసుకుంటూ పోతుంది. వేళ్ళతో చివరిదాకా వెళ్ళాక, కొత్త ప్లగ్గైతే అరచుట్టు పానాతో, అంతకన్నా కాస్త ఎక్కువ. దాని వాచరు నలిగి సీలు అవుతుంది. పాతదే మళ్ళీ పెడుతుంటే కొంచెం బిగిస్తే చాలు.

ఈ పైపు ముక్క ఉపాయం పెద్దోడు ఫోన్లో చూపించాడు. అమెరికాలో 1960ల నాటి పెద్ద ఇంజను కార్లున్నాయి. పాంటియాక్ జీటీవోలాంటివి. ఎనిమిది సిలిండర్లు, పక్కకి నాలుగు చొప్పున ఎనిమిది ప్లగ్గులు. ఆ కార్లకి కూడా కుర్రాళ్ళు బలం కోసం సైలెన్సరు ముందు గొట్టాలు మారుస్తారట, హెడర్లు అంటారు. ఆ గొట్టాలు సరిగ్గా ప్లగ్గుల ముందు నుంచే మెలికలు తిరిగి పోతాయి. ఒక ప్లగ్గుకి పై నుంచి చెయ్యి పడుతుంది, ఇంకోదానికి కారు కింద పడుకుని తియ్యాలి. వైరు గొట్టానికి తగిలితే కాలిపోతుంది. వాళ్ళు కూడా ఇంజను పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోరు, రబ్బరు పైపు ముక్కతోనే మర పట్టిస్తారు. అది చూసి నేను "ఈళ్ళకి మనకన్నా ఎనిమిదింతల కష్టం" అన్నాను. చాలా రోజుల తర్వాత ఇద్దరం కలిసి నవ్వాం.

ఏడోది, పాత ప్లగ్గు పారెయ్యకండి. చూడండి. కొస రంగు లేతగా వేయించిన కాఫీ పొడి రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉంది. ఆ రంగు మనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. పొడి మసిలా నల్లగా ఉంటే మిక్చరు చిక్కన, ఫిల్టరు చూడండి. తడిగా జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ ఎక్కువ, లేదా రవ్వ సరిగ్గా లేదు. సున్నంలా తెల్లగా ఉంటే పలచన, వేడి ఎక్కువ. మెరిసే చుక్కలుంటే వెంటనే ఆపెయ్యండి. స్టాండు మీద ఊరికే నడిపి చూస్తే రంగు అబద్ధం చెప్తుంది. బరువుతో ఎగువ లాగాక, పక్కన ఆపి, చల్లారాక తీసి చూస్తే నిజం చెప్తుంది. ఇప్పుడు పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది కదా, దానివల్ల కూడా పాత కార్బొరేటరు బళ్ళలో మిక్చరు ఇంకొంచెం పలచనవుతుంది. అందుకే ఈ చూపు ఇంకా అవసరం.

మన కొండల వాళ్ళకి ఇంకో రెండు మాటలు. అరకు సముద్రానికి 900 మీటర్ల ఎత్తులో ఉంది. మన రైలు దారిలో శిమిలిగూడ స్టేషను ఎత్తు 996 మీటర్లు. ఇంత ఎత్తులో గాలి విశాఖలో కన్నా కొంచెం పలచన, అందుకే మిక్చరు చిక్కనవుతుంది. కింద సరిచేసిన బండి ఇక్కడికొస్తే ప్లగ్గుకి మసి పడుతుంది. ఇక్కడ జెట్టు తగ్గించి సరిచేసుకున్న బండి ఘాటీ దిగి విశాఖ రోడ్డు మీద పరిగెడితే వేడెక్కుతుంది. కింద మెకానిక్ దగ్గర పని చేయించుకున్నప్పుడు ఏ ఊరి బండో చెప్పండి.

రెండోది, అనంతగిరి ఘాటీ దిగేటప్పుడు. రెండు స్ట్రోకుల బండికి ఆయిల్ పెట్రోల్‌తోనే లోపలికి వెళ్తుంది, మా బండి లాంటి కలిపి పోసే బళ్ళకి మరీను. పెట్రోలు ఆదా అని యాక్సిలేటరు పూర్తిగా మూసి, గేరులో మైళ్ళకి మైళ్ళు దింపితే ఇంజను వేగంగా తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్ మాత్రం అందదు. అందుకే మధ్యమధ్య కొంచెం యాక్సిలేటరు ఇస్తూ దిగండి. బ్రేకులు ముందే చూసుకోండి.

ఈ ఏడాది కోతలో మా బండి ఒక్కరోజు కూడా ఆగలేదు. పెద్దోడు ఐటీఐలో మోటారు మెకానిక్ చేరాడు. ఊళ్ళో ఎవరి బ్రష్ కట్టరు ఆగినా వాడి దగ్గరికే వస్తున్నారు. వచ్చినవాళ్ళని మొదట ఒకటే అడుగుతాడు, "పాత ప్లగ్గు ఏది?" అని. పారేశామంటే వెనక్కి పంపి తెమ్మంటాడు.

ఆ రోజు నేను విసిరేసిన ప్లగ్గు మా ఇంట్లో దేవుడి గూడు కింద అరలో ఉంది. మా ఆవిడ "దీన్నెందుకు దాచారు" అని రెండుసార్లు అడిగింది. ఇంజనుతోనైనా, ఇంట్లో మనిషితోనైనా, వేడి మీద ఉన్నప్పుడు బలం చూపిస్తే మరలు ఊడిపోతాయి. హెడ్డుకైతే మేస్త్రి బుష్ వేస్తాడు. రెండోదానికి మనమే వేసుకోవాలి.

కోతకి ముందు ఈ వారంలో ఒకరోజు మీ బండి చల్లారాక ప్లగ్గు తీసి రంగు చూడండి. వచ్చే పోస్టులో మిరియం తీగలు.

ఉంటాను.